ముందరి పండ్లకు ఇంప్లాంట్లు: చికిత్సా ప్రణాళిక

ఊడిపోయిన పంటికి బదులుగా దవడయెముకలో నాటబడి, కృత్రిమదంతమునకు ఆధారమగు లోహపు మరకు దంత ఇంప్లాంటు అని పేరు. పూర్తియైన కట్టడమున మూడు భాగములుండును: ఎముకలో దాగియుండు టైటానియపు మర మొదటిది, చిగురును దాటి పైకి వచ్చి మరను పంటితో కలుపు అబట్‌మెంటు రెండవది, కంటికి కనబడు పింగాణి తొడుగు, అనగా క్రౌను, మూడవది. ప్రతి దవడయందును మధ్యకుంతకములు రెండు, వానికిరువైపుల పార్శ్వకుంతకములు రెండు, ఆవల కోరపండ్లు రెండు కలసి ఆరు ముందరి పండ్లగును.

ఈ పండ్ల పని కొరుకుటతో ముగియదు. త, ద మొదలగు వర్ణములు నాలుక పైపండ్ల వెనుకను తాకుటచే పుట్టును. కాఫీ, ఆఫీసు వంటి పదములలోని ఫకారము క్రిందిపెదవి పైపండ్ల అంచును సోకనిదే పలుకదు. పెదవికి నిండుదనమిచ్చునవియు, నవ్వునకు రూపమిచ్చునవియు ఇవియే. వెనుకటి దంతముల విషయమున ఇంప్లాంటు కదలక నిలిచి నమలుటకు ఉపకరించిన చాలునని తృప్తిపడు రోగియే, ముందరి పంటి విషయమున చిగురు ఒక్క మిల్లీమీటరు పైకి తొలగినను, ప్రక్కపంటికన్న కొత్త పన్ను పొడవుగా కనబడినను, చికిత్స చెడినదని భావించును. అట్లు భావించుట అన్యాయమును కాదు. కావున ముందరి పండ్ల చికిత్సయందు శస్త్రక్రియకన్న ప్రణాళికయే ప్రధానము. ఆ ప్రణాళిక ఎముకతో మొదలిడి పంటిని చేరునది గాక, రాబోవు పంటి రూపముతో మొదలిడి ఎముకకు దిగివచ్చునదై యుండవలెనని నేటి వైద్యశాస్త్ర సిద్ధాంతము.

చరిత్ర

పండ్లు లేనిచోట అన్యపదార్థములను నాటు ప్రయత్నము ప్రాచీనమైనది. 1931లో మధ్య అమెరికాలోని హోండురాసు దేశమున దొరకిన, సుమారు క్రీ.శ. 600 నాటిదిగా నెంచబడు మాయా జాతివారి దవడయెముక ముక్కయందు, క్రింది కుంతకములు మూడింటి స్థానమున పంటి ఆకారముగా చెక్కిన గుల్లచిప్పలు కానవచ్చినవి. 1970లో తీసిన ఎక్స్‌రే చిత్రములలో వాని చుట్టును ఎముక పెరిగిన జాడలు కనబడుటచే, ఆ వ్యక్తి బ్రతికియుండగనే అవి నాటబడినవని పరిశోధకులు భావించిరి. 1809లో మాజియోలో అను దంతవైద్యుడు అప్పుడే పన్ను తీసిన గుంటలో బంగారపు గొట్టము నమర్చెను. 1930ల చివరను అమెరికాలో స్ట్రాక్ సోదరులు వైటాలియము అను కోబాల్టు-క్రోమియము మిశ్రలోహపు మరలను నాటి చూచిరి.

నేటి చికిత్సకు పునాది వేసినవాడు స్వీడను దేశస్థుడగు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929-2014). 1950లలో కుందేళ్ల కాలియెముకలో రక్తప్రసారమును సూక్ష్మదర్శినితో పరిశీలించుటకై ఆయన టైటానియపు పరికరముల నమర్చి, ప్రయోగము ముగిసిన పిదప వానిని తీయబోగా, అవి ఎముకతో నేకమై ఊడిరాకుండుటను గమనించెను. లోహమునకును సజీవమైన ఎముకకును నడుమ మెత్తని కణజాలపు పొర యేదియు లేకుండ ఏర్పడు ఈ సంబంధమునకు ఆసియోఇంటిగ్రేషన్ అను పేరు వచ్చెను. దీనిని తెలుగున అస్థిసంధానమనవచ్చును. 1965లో గోథెన్‌బర్గు నగరమున టైటానియపు ఇంప్లాంట్లు మొదటిసారి మానవుని దవడలో నాటబడినవి. 1982లో కెనడాలోని టొరాంటో నగరమున జరిగిన సదస్సు ఈ విధానమునకు ఉత్తర అమెరికా వైద్యలోకమున ఆమోదమును తెచ్చెను. స్విట్జర్లాండులో ఆండ్రే ష్రోడర్ ప్రత్యేకముగా ఇట్టి పరిశోధననే సాగించెను.

తొలినాటి రోగులలో పలువురు పండ్లన్నియు పోయినవారు; వారికి కావలసినది కదలని పలువరుస. ఎముక దండిగా నున్నచోట ఇంప్లాంట్లు నాటి, వానిపై పండ్లను ఎట్లో అమర్చుటయే నాటి పద్ధతి. చిగురునకును పండ్లకును నడుమ లోహము కనబడినను ఎవరును తప్పుపట్టలేదు. ఇరుప్రక్కల సహజదంతములు నిగనిగలాడుచుండగా నడుమ ఒక్క పంటిని నిలుపవలసిన పని 1980, 1990లలో విస్తరించిన కొలది, ఆ పద్ధతి చాలదని తేలినది. ఎముకను బట్టి పన్నుగాక, పంటిని బట్టి ఇంప్లాంటు అను సూత్రము అప్పుడు స్థిరపడెను.

ఇంప్లాంటునకు వాడు లోహము వాణిజ్యశుద్ధమైన టైటానియముగాని, అల్యూమినియము, వెనేడియములతో కలిసిన టైటానియపు మిశ్రలోహముగాని కావచ్చును. తెల్లని జిర్కోనియాతో చేసినవియు కలవు. టైటానియమునకు ముడిఖనిజమగు ఇల్మెనైటు భీమునిపట్నము, శ్రీకాకుళము తీరముల ఇసుకయందు లభించును. హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ ఈ లోహపు మిశ్రములను తయారుచేయు ప్రభుత్వరంగ సంస్థ.

ముందరి పండ్లు పోవుటకు కారణములు

వాహన ప్రమాదములు, ఆటలలో తగులు దెబ్బలు, పిప్పి ముదిరి రూట్ కెనాల్ చికిత్స సైతము ఫలింపకపోవుట, వేరు నిలువున చీలుట, చిగుళ్ల వ్యాధిచే ఎముక కరగి పండ్లు వదులగుట అనునవి ముఖ్యకారణములు. కొందరికి పై పార్శ్వకుంతకములు పుట్టుకతోనే ఏర్పడవు. కారణము నెరుగుట ప్రణాళికకు అత్యవసరము. ఏలయన, దెబ్బ తగిలి పన్ను పోయిన యువకుని యందు పంటి ముందరి ఎముకగోడ విరిగియుండవచ్చును. చిగుళ్ల వ్యాధిచే పోయినవారి యందు ప్రక్కపండ్ల ఎముకయు దిగిపోయియుండును. పుట్టుకతో పన్ను లేనివారి యందు ఆ చోటి ఎముక మొదటినుండియు సన్నగనే యుండును.

రోగి పరీక్ష

మొదట విచారింపవలసినది వయస్సు. సహజదంతము చుట్టునుగల పరిదంత స్నాయువు మూలమున ఎముకతోపాటు తానును జరుగగలదు. ఇంప్లాంటునకు ఆ స్నాయువు లేదు గావున నాటినచోటనే నిలిచిపోవును. దవడ పెరుగుదల ముగియకమునుపు పిల్లలకు ఇంప్లాంటు పెట్టినచో, ప్రక్కపండ్లు ఎముకతో కూడ దిగివచ్చుచుండగా ఇంప్లాంటు పన్ను వెనుకబడి, కొన్ని యేండ్లకు పొట్టిగా కనబడును. అందుచే పెరుగుదల ఆగినదని నిర్ధారణ చేసికొనిన పిమ్మటనే ఈ చికిత్సకు పూనుకొందురు. అంతవరకు తాత్కాలికమైన పంటితో కాలము గడుపుట మేలు. పెద్దలయందును ముఖాస్థులలో అతిమందమగు మార్పు కొనసాగును గనుక, ఇరువదియైదవ యేట సరిగా నమరిన పన్ను నలువదియైదవ యేట కొంచెము ఎగుడుదిగుడుగా కనబడుట కలదని రోగికి ముందే చెప్పవలెను.

రెండవది దేహారోగ్యము. అదుపులో లేని మధుమేహము, దవడకు లోగడ జరిగిన రేడియేషను చికిత్స, ఎముకల బలమునకై వాడు బిస్ఫాస్ఫొనేటు వంటి మందులు, చిగుళ్ల వ్యాధి, నిద్రలో పండ్లు నూరు అలవాటు అను వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతురు. పొగాకు వాడకము గాయము మానుటను మందగింపజేసి ఇంప్లాంటు విఫలమగు అవకాశమును పెంచును. ఉత్తరాంధ్ర తీరగ్రామములలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ అను అలవాటు తరతరములుగా నున్నది. ఆ వేడియు పొగయు నేరుగా అంగిలికి తగులుటచే అచట పుండ్లు, మచ్చలు, క్యాన్సరు సైతము కలుగుట వైద్యగ్రంథములకెక్కిన విషయము. ముందరి చిగురును దట్టము చేయుటకు కావలసిన కణజాలమును అంగిలినుండియే తీయుదురు గావున, ఇట్టివారి విషయమున అంగిలి పరీక్షయే మొదటి పరీక్ష కావలెను.

మూడవది నవ్వు. సహజముగా నవ్వునప్పుడు పైపెదవి ఎంతవరకు లేచునో చూడవలెను. చిగురంతయు కనబడునట్లు నవ్వువారియందు స్వల్పలోపమైనను బయటపడును. పెదవి చిగురును కప్పియుంచువారియందు చిన్నలోపము దాగును. చిగురు పలుచనైనదో దట్టమైనదో కూడ తెలిసికొనవలెను. పలుచని చిగురు సులభముగా పైకి తొలగును, క్రింది లోహపుచాయ దానిగుండ బూడిదరంగుగా కనబడును. పండ్లు చతురస్రాకారముగా నున్నచో ఫలితము సులువు. త్రికోణాకారపు పండ్లలో మొదళ్లవద్ద ఖాళీ ఎక్కువగుటచే కష్టము. ఈ అంశములతోపాటు రోగి యొక్క ఆశలనుగూడ లెక్కించి, సౌందర్యపరమైన ప్రమాదము స్వల్పమా, మధ్యమమా, అధికమా అని మొదటనే నిర్ణయింతురు.

ఎముక స్వభావము, తగిన కాలము

పైదవడ ముందరి పండ్ల చికిత్సయందలి కష్టమంతయు ఒక పలుచని గోడలో నున్నది. పంటివేరునకును పెదవికిని నడుమనున్న ఎముక చాలమందిలో 1 మి.మీ. కన్న పలుచనిది, దానిలో అధికభాగము పంటి స్నాయువును ఆశ్రయించి జీవించునదే. పన్ను తీసినతోడనే స్నాయువు నశించును, ఆ ఎముకయు క్రమముగ కరగును. పన్ను తీసిన పండ్రెండు మాసములలో ఎముక వెడల్పు సుమారు సగమునకు తగ్గుననియు, ఆ తరుగుదలలో మూడింట రెండువంతులు మొదటి మూడు నెలలలోనే జరుగుననియు 2003లో ప్రకటింపబడిన ఒక ప్రసిద్ధ పరిశోధన తెలిపెను. యేండ్ల తరబడి ఊరకుండి పిదప వచ్చిన రోగి పెదవి క్రింద చిన్న పల్లము కనబడుటకు కారణమిదియే.

కావున ఇంప్లాంటును ఎప్పుడు నాటవలెనను ప్రశ్నకు నాలుగు సమాధానములు కలవు. పన్ను తీసిన వెంటనే, అదే గుంటలో నాటుట మొదటిది. నాలుగు మొదలు ఎనిమిది వారములు ఆగి, చిగురు మానిన పిమ్మట నాటుట రెండవది. పండ్రెండు మొదలు పదునారు వారములకు, గుంటలో ఎముక కొంత నిండిన పిమ్మట నాటుట మూడవది. ఆరు నెలలు దాటి, పూర్తిగా మానిన ఎముకలో నాటుట నాలుగవది. వెంటనే నాటు పద్ధతి రోగికి ప్రియమైనది. ఒకే దినమున పన్ను పోవుట, కొత్తది వచ్చుట ఎవరికి రుచింపదు? అయినను ముందరి ఎముకగోడ చెక్కుచెదరకుండుట, అది 1 మి.మీ. కన్న దట్టముగా నుండుట, చిగురు దట్టమైనదై యుండుట, చీముపట్టిన తీవ్రవ్యాధి లేకుండుట, వేరుకొనకు ఆవల మరను గట్టిగా పట్టగల ఎముక మిగిలియుండుట అనునవన్నియు కూడినప్పుడే అది క్షేమము. ఇవి కూడని పెక్కుమందిలో నాలుగు మొదలు ఎనిమిది వారములు ఆగి, నాటునప్పుడే ముందువైపు ఎముకపొడిని పేర్చు రెండవ పద్ధతి నమ్మదగినది.

కొలతలు

ప్రణాళికయందు మొదట మైనముతోగాని కంప్యూటరు తెరపైగాని రాబోవు పంటిని సంపూర్ణముగా తీర్చుదురు. దానిని నోటిలో తాత్కాలికముగా నిలిపి, మాట్లాడించి, నవ్వించి, రోగియు వైద్యుడును ఒప్పుకొనిన పిమ్మటనే ఇంప్లాంటు స్థానమును లెక్కింతురు. ఆ లెక్క మూడు దిక్కులలో సాగును.

ప్రక్కలకు: సహజదంతమునకును ఇంప్లాంటునకును నడుమ కనీసము 1.5 మి.మీ. ఎముక, రెండు ఇంప్లాంట్ల నడుమ కనీసము 3 మి.మీ. ఎముక విడువవలెను. పెదవివైపు: ఇంప్లాంటు ముందర సుమారు 2 మి.మీ. దట్టమైన ఎముక ఉండవలెను. దానికై మరను పెదవివైపునకు గాక అంగిలివైపునకు ఒరగనిచ్చి నాటుదురు. లోతు: ఇంప్లాంటు పైఅంచు, రాబోవు పంటి చిగురుగీతకు 3 మొదలు 4 మి.మీ. లోపల నుండవలెను. తక్కువైనచో లోహము బయటపడును, తొడుగు చిగురులోనుండి సహజముగా వెలువడినట్లుండదు. ఎక్కువైనచో ఎముక కరగి చిగురు వెంట దిగును.

ఈ లెక్క ఎంత ఇరుకైనదో ఒక ఉదాహరణమువలన తెలియును. పార్శ్వకుంతకము లేని ఖాళీ 6.5 మి.మీ. ఉన్నదనుకొందము. ఇరువైపుల ఒకటిన్నర చొప్పున 3 మి.మీ. పోగా మిగులునది 3.5 మి.మీ. మాత్రమే. సామాన్యముగా వాడు 4 మి.మీ. వ్యాసపు ఇంప్లాంటు ఇచట పట్టదు, 3.3 మి.మీ. వ్యాసముగల సన్ననిది పట్టును. ఖాళీ 5.5 మి.మీ. మాత్రమే యున్నచో, 3 మి.మీ. వ్యాసపు ఇంప్లాంటునకును 6 మి.మీ. కావలసియుండుటచే, ముందుగా క్లిప్పులు వేయించి ప్రక్కపండ్లను జరుపక తప్పదు. అప్పుడును పైకి కనబడు తలలను జరిపిన చాలదు. లోపలి వేళ్లు ఒకదానివైపు ఒకటి ఒరిగియున్నచో ఇంప్లాంటు వానిని తగులును గాన, వేళ్లనుగూడ సమాంతరముగా నిలుపవలెను. క్లిప్పులు తీయకమునుపే ఎక్స్‌రేతో దీనిని సరిచూచుకొనని కారణమున ఏడాది చికిత్స వ్యర్థమైన సందర్భములు కలవు.

చిగురుమొన

రెండు పండ్ల నడుమ త్రికోణముగా నిండియుండు చిగురుమొన లోపించినచో అచట నల్లని సందు కనబడును; ముందరి పండ్ల చికిత్సయందు దీనికన్న దుస్సాధ్యమైన లోపము లేదు. సహజదంతములు ఒకదానినొకటి తాకు బిందువునుండి ఎముక శిఖరము వరకుగల దూరము 5 మి.మీ. లేక తక్కువైనచో చిగురుమొన దాదాపు ఎల్లప్పుడును నిండియుండుననియు, 6 మి.మీ. ఐనచో సగముకన్న కొంచెము ఎక్కువ సందర్భములలోను, 7 మి.మీ. ఐనచో సుమారు నాలుగవవంతు సందర్భములలోను మాత్రమే నిండుననియు 1992లో టార్నో, ఆయన సహచరులు నిరూపించిరి. ఒంటి ఇంప్లాంటు ప్రక్కనున్న చిగురుమొన ఎత్తు, ఇంప్లాంటువైపు ఎముకనుబట్టి గాక ప్రక్కపంటి ఎముకనుబట్టి నిర్ణీతమగును. కావున ప్రక్కపండ్లు ఆరోగ్యముగానున్న ఒంటిపంటి లోటు ఆశాజనకము; ప్రక్కప్రక్కన రెండు పండ్లు లేనిచోట, రెండు ఇంప్లాంట్ల నడుమ చిగురుమొన సగటున 3.4 మి.మీ. మాత్రమే లేచును గాన, అది కష్టసాధ్యము.

ఈ కారణముచేతనే, నాలుగు కుంతకములు పోయినవారికి నాలుగు ఇంప్లాంట్లు నాటుట ఉత్తమము కాదు. రెండు పార్శ్వకుంతకముల స్థానములలో రెండు నాటి, వానిపై నాలుగు పండ్ల బ్రిడ్జిని నిలిపినచో, నడుమనున్న కృత్రిమదంతముల క్రింద చిగురును తీర్చిదిద్దుటకు వీలుండును. క్రింది కుంతకములు ఒక్కొక్కటి సుమారు 5 మి.మీ. వెడల్పు మాత్రమే గలవి గనుక అచటను నాలుగింటికి రెండు ఇంప్లాంట్లే చాలును.

చిత్రణము, మార్గదర్శకము

మామూలు ఎక్స్‌రే చిత్రము ఎముక ఎత్తును చూపును గాని మందమును చూపదు. 1990ల చివరను ఇటలీలో రూపొందిన కోన్‌బీమ్ సీటీ స్కాను దవడను మూడు దిక్కులలోను చూపుటచే ఈ లోటు తీరినది. ముందరి ఎముకగోడ మందము, వేరు ఒరగిన తీరు, మధ్యకుంతకముల వెనుకనుండు నాసాతాలు నాళము, ముక్కు అడుగుభాగము, క్రిందిదవడ లోపలివైపు పల్లము ఇందు స్పష్టమగును. ఆ పల్లమున ఎముకను దాటి డ్రిల్లు పోయినచో నాలుక క్రింద రక్తస్రావమై ఊపిరికే అడ్డుతగుల వచ్చును. నోటిలోపల స్కానరుతో తీసిన పండ్ల రూపమును, తెరపై తీర్చిన కొత్తపంటి రూపమును, సీటీ చిత్రమును ఒకదానిపై నొకటి పరచి, ఇంప్లాంటును మొదట కంప్యూటరులో నాటి చూతురు. ఆ స్థానమును నోటికి చేర్చుటకు ప్లాస్టిక్ మార్గదర్శకమును ముద్రించి పండ్లపై తొడుగుదురు; డ్రిల్లు దాని రంధ్రముగుండ పోవును. ఈ ఉపకరణము చేతివణుకును దిద్దగలదు గాని తప్పుడు ప్రణాళికను దిద్దజాలదు.

ఎముక, చిగురుల పూరణము

ఎముక చాలనిచోట ఎముకపొడిని పేర్చి పైన పొరను కప్పుదురు. లోటు మిక్కిలియైనచో గడ్డమునుండిగాని దవడ వెనుకభాగమునుండిగాని ఎముకతునకను తెచ్చి మరలతో బిగింతురు. పొడి రోగి ఎముకనుండి గాని, మానవదాతల ఎముకనుండి గాని, పశువుల ఎముకను శుద్ధిచేసి గాని, కృత్రిమముగా గాని లభించును. విరివిగా వాడబడునది ఎద్దు లేక ఆవు ఎముకనుండి చేసినది. కప్పుపొరలలో పందినుండి తీసినవియు కలవు. మన దేశమున ఈ సంగతిని రోగికి ముందుగా విప్పిచెప్పి అంగీకారము పొందుట వైద్యుని విధి. శాకాహారియైనను, మతనియమములు పాటించువాడైనను, కృత్రిమపదార్థమునో తన యెముకనో కోరుకొను హక్కు రోగికి కలదు. పలుచని చిగురుగలవారికి అంగిలినుండి తీసిన కణజాలమును ముందుభాగమున చేర్చి దట్టము చేయుదురు.

తాత్కాలిక దంతము, తుది తొడుగు

ఇంప్లాంటు ఎముకతో సంధానమగుటకు సామాన్యముగా మూడు మొదలు ఆరు మాసములు పట్టును. ఆ కాలమున రోగి పన్ను లేకుండ తిరుగజాలడు గదా. మర సుమారు 35 న్యూటన్-సెంటీమీటర్ల బిగువుతో పట్టినచో, ఎదుటి పండ్లు తాకని తాత్కాలికదంతమును వెంటనే దానిపై నిలుపవచ్చును. లేనిచో ప్రక్కపండ్లకు అతికించు తాత్కాలిక దంతము తగినది. తీసిపెట్టుకొను పెట్టుడుపన్ను కొత్త ఎముకపూరణముపై ఒత్తకుండునట్లు చూచుకొనవలెను. సంధానమైన పిమ్మట తాత్కాలికపు తొడుగు మొదటిని కొద్దికొద్దిగా పెంచుచు తగ్గించుచు చిగురును కావలసిన ఆకారమునకు ఒత్తి తెత్తురు. ఆ ఆకారమును అచ్చుగా ల్యాబునకు పంపిన పిదపనే తుది తొడుగు తయారగును.

తొడుగును మరతో బిగించుటకును, సిమెంటుతో అతికించుటకును వీలున్నను, చిగురులోనికి పోయి మిగిలిన సిమెంటు వాపునకు కారణమగును గాన మరతో బిగించుట మేలు. అట్లు బిగించుటకు మర రంధ్రము పంటి వెనుకవైపున తెరుచుకొనవలెను. ఇంప్లాంటు ముందరికి వంగినచో రంధ్రము పంటి ముఖముననే పడును. అనగా శస్త్రక్రియనాటి కోణమే నెలల తరువాతి తొడుగు భాగ్యమును నిర్ణయించును.

రంగు ఎంపికను పగటివెలుతురులో, సందర్శన మొదటనే చేయవలెను. నోరు తెరిచి ఎండిన పండ్లు అసలుకన్న తెల్లగా కనబడును. పూర్వపు నెల్లూరుజిల్లా గ్రామములలో ఫ్లోరోసిస్ వ్యాధి యుండుటను 1937లోనే వైద్యులు ప్రకటించిరి; నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఫ్లోరైడు నీటిచే పండ్లపై సుద్దవంటి చారలు, గోధుమరంగు మచ్చలు కలిగినవారు నేటికిని పలువురు. అట్టివారి పలువరుసలో ముత్యమువంటి తెల్లని పన్ను నిలిపినచో అదియే కృత్రిమమని చాటును. ఛాయాచిత్రములను చూచి ఆ చారలను సైతము పింగాణిపై దిద్దగల ల్యాబు నిపుణుడు అచట అవసరము. లేదా మొదట సహజదంతముల మచ్చలకు చికిత్స చేసి, పిదప కొత్తపంటి రంగును నిర్ణయింపవలెను.

కాటు విషయమునను జాగ్రత్త వలయును. సహజదంతము స్నాయువు మూలమున ఒత్తిడికి స్వల్పముగా లోనికి ఒదుగును, ఒత్తిడిని మెదడునకు తెలుపును. ఇంప్లాంటు ఒదుగదు, తెలుపదు. కావున కొత్తపన్ను మెల్లగా తాకునట్లు సరిచేసి, పండ్లు నూరు అలవాటున్నవారికి రాత్రివేళ తొడుగుకొను రక్షణపొరను ఇత్తురు.

ప్రత్యామ్నాయములు, ఫలితములు

ఇంప్లాంటు ఒక్కటే మార్గము కాదు. తీసిపెట్టుకొను పెట్టుడుపన్ను చవుకయైనది. బ్రిడ్జి త్వరగా ముగియును గాని ఆరోగ్యముగానున్న ప్రక్కపండ్లను అరగదీయవలసియుండును. ప్రక్కపంటి వెనుకవైపున రెక్కతో అతికించు బ్రిడ్జి, ముఖ్యముగా పార్శ్వకుంతకమునకును పెరుగుచున్న బాలబాలికలకును, మిక్కిలి ఉచితము. పుట్టుకతో పార్శ్వకుంతకము లేనివారికి క్లిప్పులతో కోరపంటిని ముందునకు జరిపి, దానిని కుంతకమువలె దిద్దుటయు కలదు. ప్రక్కపండ్లకు ఇదివరకే తొడుగులున్నచో బ్రిడ్జియే మేలు. అవి అక్షతముగానున్నచో ఇంప్లాంటు మేలు.

ఒంటిపంటి ఇంప్లాంట్లలో సుమారు నూటికి తొంబదియైదు పదియేండ్లపాటు నిలుచునని సమీక్షలు తెలుపుచున్నవి. కాని నిలుచుట వేరు, అందముగ నిలుచుట వేరు. అందుచే చిగురు ఆకారము, రంగు మున్నగు ఏడు అంశములకు మొత్తము 14 మార్కులిచ్చు కొలమానమును 2005లో ప్రకటించిరి. మర వదులగుట, పింగాణి పెచ్చులూడుట సులభముగా దిద్దదగినవి. చిగురు పైకి తొలగుట, ఇంప్లాంటు చుట్టు చీముపట్టి ఎముక కరగుట అట్టివి కావు. ఇంప్లాంటు పెదవివైపు ఒరిగి నాటబడినదైనచో, తీసివేసి మరల మొదలిడుటయే కొన్నిచోట్ల గత్యంతరము. గార పేరుకొనకుండ దినమునకు రెండుమార్లు తోముకొనుట, సందులను దారముతో శుభ్రపరచుట, ఏడాదికి ఒకటి రెండుమార్లు పరీక్ష చేయించుకొనుట జీవితాంతము తప్పనివి.

పాఠకునకు సూచన

దెబ్బ తగిలి శాశ్వతదంతము ఊడివచ్చినప్పుడు దానిని పారవేయరాదు. తలభాగమున పట్టుకొని, వేరును రుద్దక, మట్టి యంటియున్నచో మెల్లగా కడిగి, గుంటలోనే పెట్టి, లేదా పాలలో వేసికొని, గంటలోపల దంతవైద్యుని చేరినచో అదే పంటిని తిరిగి నాటుటకు అవకాశము కలదు. ఊడక విరిగిన ముందరిపంటిని తొందరపడి తీయించుకొని, ఇంప్లాంటు మాట తరువాత చూతమనుకొనుట పెద్ద పొరపాటు. పంటితోపాటు పోవు ఎముకను తిరిగి తెచ్చుటకు అగు శ్రమయు వ్యయమును మిక్కిలి అధికము. స్కాను తీయించి, ఏ పద్ధతి, ఏ కాలమున, ఎంత ఖర్చుతో అను మూడు ప్రశ్నలకు సమాధానము పొందిన పిమ్మటనే పన్ను తీయించుకొనవలెను.